తాళాల గుత్తి ఎక్కడ పెట్టారు?

గేటుకో తాళం, గుమ్మానికో తాళం, బీరువాకి మరో తాళం. ఊరెళ్తే పక్కింటివాళ్లకి ఓ మాట చెప్పి మరీ వెళ్తాం. ఇన్ని జాగ్రత్తలు పడి, తాళాల గుత్తిని మాత్రం వీధి అరుగు మీద వదిలేస్తామా? ఇంటర్నెట్‌లో చాలామంది చేస్తున్నది అదే. అక్కడ తాళాల గుత్తి అంటే మన ఈ-మెయిల్.

ఎలాగంటారా? ఫేస్‌బుక్, షాపింగు, ఫొటోలు దాచుకున్న చోటు... ఎక్కడైనా 'పాస్‌వర్డ్ మర్చిపోయారా?' అన్నదాన్ని నొక్కి చూడండి. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు చాలావరకు మెయిల్‌కే వస్తుంది. కాబట్టి మెయిల్ ఒక్కటి చేజిక్కితే దొంగ మిగతా తాళాలు పగలగొట్టక్కర్లేదు. తాళంచెవులే వాడి దగ్గరికి నడిచొస్తాయి.

మ్యాట్ హోనన్ అప్పట్లో అమెరికాలో 'వైర్డ్' పత్రిక విలేకరిగా ఉండేవారు. టెక్నాలజీ గురించి రాయడమే అప్పుడు ఆయన పని. 2012 ఆగస్టు 3 సాయంత్రం కూతురితో ఆడుకుంటుండగా ఆయన ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఛార్జింగ్ అయిపోయిందనుకున్నారు. కాదు! దాదాపు అరగంటలో ఫోన్, ఐప్యాడ్, ల్యాప్‌టాప్ మూడింటినీ ఎవరో దూరం నుంచే తుడిచేశారు. జీమెయిల్ ఖాతా మాయమైంది. పాప పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలూ పోయాయి.

ఇదంతా చేసినవాళ్లు ఆయన పాస్‌వర్డ్ కనిపెట్టనే లేదు. అమెజాన్‌కి ఫోన్ చేసి, ఆయనలా మాట్లాడి, క్రెడిట్‌కార్డు చివరి నాలుగు అంకెలు రాబట్టారు. ఆ అంకెలు, ఇంటి చిరునామా చెప్పేసరికి యాపిల్ కాల్‌సెంటర్ వాళ్లు నమ్మి ఆయన యాపిల్ మెయిల్‌ని అప్పగించారు. జీమెయిల్‌కి రికవరీ చిరునామా ఆ మెయిలే. జీమెయిల్ వచ్చాక ట్విటర్ కూడా వచ్చేసింది. వాళ్లకి కావలసింది ఆ మూడక్షరాల ట్విటర్ పేరు ఒక్కటే! డబ్బు పోసి నిపుణుల చేత వెలికి తీయిస్తే ఫొటోలు చాలావరకు దొరికాయి. గూగుల్‌లో రెండంచెల తనిఖీ పెట్టుకుని ఉంటే ఇంత జరిగేది కాదేమోనని ఆయనే రాసుకున్నారు.

మనం వెంటనే చేయాల్సిన పని కూడా అదే. గూగుల్ ఖాతాలో 'సెక్యూరిటీ'లోకి వెళ్లి 'టూ-స్టెప్ వెరిఫికేషన్' ఆన్ చేయండి. అప్పుడు పాస్‌వర్డ్ తెలిసినా రెండో తాళం అడ్డుపడుతుంది. ఎస్సెమ్మెస్‌కి వచ్చే కోడ్ కన్నా ఆథెంటికేటర్ యాప్ మేలు. పాస్‌కీ ఇంకా మేలు... దొంగ సైటులో అది పనిచేయదు. ఖాతా ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోన్ పోయిన రోజున అవే దిక్కు. ఇక, వచ్చిన కోడ్‌ని ఎవరడిగినా చెప్పకండి. మేనల్లుడి వాట్సప్ నుంచి అడిగినా సరే. అది అప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు.

అక్కడే రికవరీ మెయిల్, ఫోన్ నంబరు చూడండి. ఎప్పుడో వదిలేసిన సిమ్ నంబరు ఉందా? ఫోన్ కంపెనీలు పాత నంబర్లను కొన్నాళ్లకు వేరేవాళ్లకి ఇస్తాయి. మీ ఇంటి తాళంచెవి ముక్కూ మొహం తెలియనివాడి జేబులో ఉన్నట్టే! 'మీరు పుట్టిన ఊరు?' లాంటి రహస్య ప్రశ్నలకు నిజం చెప్పక్కర్లేదు. ఆ రహస్యం చుట్టాలందరికీ తెలుసు. మీకు మాత్రమే గుర్తుండే అబద్ధం రాసుకోండి.

ఇంట్లో కంప్యూటర్ సంగతీ చూడాలి. విండోస్ 10కి సాధారణ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దాన్నే వాడుతుంటే మారే ఆలోచన చేయండి. 'మీ కంప్యూటర్‌కి వైరస్ వచ్చింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని తెర మీద కనిపిస్తే చేయకండి. చేస్తే అవతలివాడు ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమంటాడు. వేశారా, మౌస్ వాడి చేతికి వెళ్లినట్టే. ఇలాంటి మోసం గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. పిల్లల ఫొటోలను నెలకోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, ఆ వైరు తీసి పక్కన పెట్టండి.

ఇంత చేసినా ఖాతా పోతే? వేరే కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల్లోనూ సైనవుట్ చేయండి. తర్వాత మెయిల్ సెట్టింగుల్లో 'ఫార్వర్డింగ్', 'ఫిల్టర్లు' చూడటం మరవొద్దు. మీ ఉత్తరాలన్నీ తనకూ చేరేలా దొంగ ఏర్పాటు చేసుకుని ఉంటే, పాస్‌వర్డ్ మార్చినా అది ఆగదు. డబ్బు కూడా పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ సొమ్మును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. మెయిల్‌కి రెండో తాళం వేయడానికి పట్టేది పది నిమిషాలే. ఈ ఆదివారం కాఫీ చల్లారేలోగా ఆ పని కానిచ్చేయండి. అలాగే అమ్మా నాన్నల ఫోన్లు కూడా ఓసారి అడిగి తీసుకోండి.