ముందు సీలు కారుతోందా? ముందు బ్రీదర్ చూడండి

ఈమధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. "అన్నా, బండి ముందట్నుంచి ఆయిల్ కారుతుంది, ఏం జేయాలె?" జనగామ నుంచి అడిగినా, మహబూబాబాద్ నుంచి అడిగినా, భూపాలపల్లి నుంచి అడిగినా బండి దాదాపు ఒకటే రకం: ఇరవై, ముప్పై ఏండ్ల పాత ట్రాక్టరు. దున్నకం, ట్రాలీ కిరాయి, కరిగెట అన్నీ దానితోనే. అది షెడ్డులో పడితే నాటు ఆగుతది.

కారేది చాలాసార్లు క్రాంకు ముందు సీలే. క్రాంకు షాఫ్టు ఇంజిన్ లోంచి బయటికొచ్చి పుల్లీని పట్టుకునే చోట, టైమింగ్ కవర్లో కూర్చునే రబ్బరు చక్రం అది. దాని పెదవి తిరిగే ఇనుమును ఆనుకుని ఆయిల్ ను ఆపుతుంది. పెదవి వెనక సన్నటి స్ప్రింగు ఉంటుంది. 1929లో జర్మనీలో ఫ్రాయిడెన్‌బర్గ్ తోళ్ల కంపెనీలో వాల్టర్ సిమ్మర్ అనే ఇంజినీరు ఇలాంటి సీలు చేసినప్పుడు ఆ పెదవి తోలుదే. రబ్బరు తర్వాత వచ్చింది.

చుక్కలే కదా అని వదిలేస్తారు. కానీ తిరిగే పుల్లీ ఆ చుక్కను చుట్టూ చిమ్ముతుంది, ఫ్యాను బెల్టు తడుస్తుంది. తడిసిన బెల్టు జారితే ఫ్యాను, వాటర్ పంపు మెల్లబడతాయి. కేజ్‌వీల్స్ వేసుకుని బురదలో ఫుల్ లోడు మీదున్నప్పుడు ఇంజిన్ వేడెక్కేది ఇట్లాగే. పైగా జనగామ ఎర్రదుమ్మయినా, భూపాలపల్లి బొగ్గు లారీల దారిలో లేచే నల్లదుమ్మయినా ఆ తడికే అంటుకుని, పెదవి కింద చేరి షాఫ్టును ఉప్పుకాగితంలా అరగదీస్తది.

సీలు కొనే ముందు రెండు పనులు చేయండి. ఇంజిన్ ముందు భాగాన్ని డీజిల్‌తో కడిగి, తుడిచి, పది నిమిషాలు స్లోలో నడిపి, ఆపి, టార్చి వేసి చూడండి. పైన తడి కనిపిస్తే ట్యాపెట్ కవరో, టైమింగ్ కవరు ప్యాకింగో కారుతున్నట్టు. పైన పొడిగా ఉండి పుల్లీ వెనక మాత్రమే తడి ఉంటే సీలు.

రెండోది బ్రీదర్ గొట్టం. నా మాటగా చెప్తున్నా, మన దగ్గర మారుస్తున్న సీళ్లలో చాలా వాటి తప్పు సీలుది కాదు. మహబూబాబాద్ వైపు ఒక రైతు బండి చూశాను. ఒకే సీజన్లో రెండు సీళ్లు మార్చారు, మూడోది కూడా కారుతోంది. "బోరు జేయాలె అంటున్నరు, గింజలు అమ్మినంక చూద్దామనుకున్న" అన్నాడాయన. బ్రీదర్ విప్పితే లోపల కందిరీగ కట్టిన మట్టిగూడు! ఇంజిన్ లోపలి గాలికి బయటికి దారి లేక, ఆయిల్ ను సీలు గుండా నెట్టింది. గొట్టం కడిగి కొత్త సీలు వేశాక ముందు భాగం పొడిగా ఉండిపోయింది. బ్రీదర్ బాగానే ఉండి, ఆయిల్ పోసే మూత తీయగానే పొగ గుప్పుగుప్పున తంతుంటే మాత్రం రింగులు పోయినట్టే. అప్పుడు సీలు మార్చడం దండగ.

ఇక విప్పడం. ఇంజిన్ చల్లారనిచ్చి, బ్యాటరీ వైరు తీయండి. పుల్లర్ పట్టే జాగా లేకపోతే రేడియేటర్ దింపక తప్పదు. పుల్లీని సుత్తెతో కొట్టకండి. పోత ఇనుము అంచు విరుగుతది, ఆ దెబ్బ క్రాంకు థ్రస్టు వాషర్ల దాకా పోతది. పుల్లర్‌తోనే లాగండి. షాఫ్టు మీది చిన్న కీ జారిపోకుండా చూసుకోండి. కొన్ని ఇంజిన్లకు బయటి నుంచే సీలు ఊడుతుంది, కొన్నింటికి టైమింగ్ కవరే దింపాలి. కవరు దింపితే పళ్ల చక్రాల మీది గుర్తులు కదలనీయకండి. తిరిగి బిగించేటప్పుడు కవరు షాఫ్టుకు సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూసుకున్నాకే బోల్టులు టైటు చేయాలి.

పుల్లీ మెడ మీద సీలు ఆనే చోట గోరుతో అడ్డంగా గీకి చూడండి. గోరు తట్టుకుంటే గాడి పడ్డట్టు. ఆ గాడిలో ఎంత కొత్త సీలు వేసినా ఆగదు. పలుచటి స్టీలు తొడుగు దొరికితే మెడకు ఎక్కించండి. లేకుంటే కూర్చునే జాగా ఉన్నంతలో సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు దింపితే పెదవి కొత్త ఇనుము మీద నడుస్తుంది. ఈ ఉపాయం ఒక్కసారికే పనికొస్తుంది.

షాపులో బండి పేరు చెప్పి ఊరుకోకండి. పాత సీలు మీద లోపలి కొలత, బయటి కొలత, మందం మిల్లీమీటర్లలో ఉంటాయి, అవి చూపించండి. మామూలు నైట్రైల్ రబ్బరు వంద డిగ్రీల వేడి దాకా బాగానే పనిచేస్తది, విటాన్ రకం దాదాపు రెండు వందల దాకా తట్టుకుంటుంది. ధర ఎక్కువే, కానీ ఎండల్లో ట్రాలీ కిరాయి కొట్టే బండికి అదే వేయమంటాను.

బిగించేటప్పుడు స్ప్రింగు వైపు ఇంజిన్ లోపలికి ఉండాలి. పెదవికి ఇంజిన్ ఆయిల్ రాయండి. పొడిగా తిరిగితే మొదటి నిమిషంలోనే మాడుతది. పెదవికి పేస్టు తగలనీయొద్దు. ఒక పక్క కొట్టి, మరో పక్క కొట్టి దింపితే సీలు వంకరపోతది. పాత సీలునే కొత్తదాని మీద పెట్టి, చుట్టూ సమంగా తట్టండి. అందుకే పని అయ్యేదాకా పాతదాన్ని పారేయకండి.