పోలీసు అధికారమునకు మేర

పల్నాటిలో పోలీసుల ప్రస్తావన వచ్చినపుడు మించాలపాడు జ్ఞప్తికి రాక మానదు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు అక్కడనే పోలీసు తుపాకికి నేలకూలెను. అడవిలో పసులు మేసినందులకు విధించిన పుల్లరి చెల్లింపవలదని రైతులను కూడగట్టుటయే ఆయన చేసిన నేరము. అంతకు ముందటి సంవత్సరముననే బారిష్టరు ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఈ యుద్యమ సందర్భమున చెరసాల పాలైరి. పన్ను అడుగుటకు రెవెన్యూవారు, అటవీశాఖవారు ముందు వచ్చిరి. వారి వెనుక పోలీసు వచ్చెను. ఈ వరుసను చదువరులు గమనింపవలెను.

1816 నాటి పదునొకండవ రెగ్యులేషను ననుసరించి చెన్నరాజధానిలో తహసీల్దారే పోలీసు పెద్ద. శిస్తు రాబట్టువాడును దొంగను పట్టువాడును ఒక్కడే యైనపుడు, దొంగకు వేయు కిట్టి బాకీపడిన రైతు వ్రేళ్లకును పడుటలో వింత యేమున్నది? ఈ ఘోరమును విచారించుటకు 1854లో ప్రభుత్వమే యొక సంఘమును నియమింపవలసి వచ్చెను. చిత్రహింసల మాట నిజమేయని 1855లో ఆ సంఘము నివేదించెను. తరువాత 1859 జిల్లా పోలీసు చట్టము వచ్చి పోలీసును రెవెన్యూనుండి వేరుచేసెను. వేరైనది ఉద్యోగి మాత్రమే, యజమాని మారలేదు. లండను నగరమునకు 1829లో పీలు దొర ఏర్పరచినది సాధారణముగా తుపాకి లేక వీథులు తిరుగు దళము. మన దేశమునకు తెచ్చిన మాదిరి ఎక్కువగా ఐర్లండుది. పరాయి ప్రజలను అణచియుంచుటకు బారకులలో నిలిపిన సాయుధ దళము. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను ఆ 1859 చట్టమే ఆంధ్ర ప్రాంతమను పేరు తగిలించుకొని మనపై నిలిచినది.

ఇంతటి అధికారమిచ్చిన ఆ దొరలే తమ పోలీసు మాటను నమ్మలేదు. పోలీసు ఎదుట చెప్పిన నేరాంగీకారము సాక్ష్యముగా చెల్లదని 1861లోనే శాసించిరి. 1872 సాక్ష్యచట్టపు 25వ సెక్షనుగా మారిన ఆ నియమము నేడు భారతీయ సాక్ష్య అధినియమమున 23వ సెక్షనై యున్నది. నోరు మెదపకుండు హక్కు నీకు కలదని పోలీసే ముద్దాయికి ముందుగా చెప్పవలెనని అమెరికా సుప్రీంకోర్టు మిరాండా కేసులో తీర్పు చెప్పినది 1966లో. అచ్చట పోలీసు దళములు వేలకొలది. కౌంటీ షెరీఫును చాలచోట్ల ప్రజలే ఓటు వేసి ఎన్నుకొందురు. ఐనను 2020లో మినియాపోలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ పోలీసు మోకాలి క్రింద ప్రాణము విడిచెను. అది వైద్యసంబంధమైన ఆపదయని పోలీసులు తొలుత ప్రకటించిరి. దారిన పోవు బాలిక యొకతె సెల్‌ఫోనులో పట్టిన చిత్రము బయటికి వచ్చి యుండనిచో ఆ ప్రకటనయే నిలిచి యుండెడిది. మరుసటి సంవత్సరము జ్యూరీ ఆ అధికారిని దోషిగా నిర్ణయించెను.

మన చట్టము అట్టి బాటసారి సాక్షిని యాదృచ్ఛికమునకు వదలిపెట్టలేదు. అరెస్టు చేయునపుడు తేదీ, వేళ చూపు మెమో వ్రాసి, దానిపై కుటుంబీకుడో ఆ ప్రాంతపు గౌరవనీయుడో ఒకరు సాక్షిగా చేవ్రాలు చేయవలెనని డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇది 36వ సెక్షను. ఈ పఠనమందిరమున కూర్చుండి పత్రిక చదువు పెద్దమనుష్యులే ఆ గౌరవనీయులు!

మరి వారు చేయుచున్నదేమి? కోర్టులలో తిరుగువారికి మధ్యవర్తుల సంగతి క్రొత్త కాదు. నేరాంగీకారము చెల్లకపోయినను, దానివలన దొరికిన వస్తువునకు సంబంధించినంత భాగము చెల్లును. కావున కత్తి దొరికెననియు, సొమ్ము దొరికెననియు మధ్యవర్తుల నివేదిక పుట్టుచుండును. తెల్లకాగితముపై వ్రాలు చేసి, రెండేండ్లకు బోనెక్కి, మేమేమియు చూడలేదని చెప్పు మధ్యవర్తులు ఎందరో! ఒక్కొక్కచో దానివలన నిర్దోషి జైలులో మ్రగ్గును. ఒక్కొక్కచో హంతకుడు మీసము దువ్వుకొనుచు ఇంటికి పోవును. కక్షలకు పేరుపడిన మన సీమలో రెండవది మొదటిదానికంటె తక్కువ కీడు కాదు.

ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనను నియమము రాజ్యాంగపు 22వ అధికరణమున నున్నది. దానిని దాటుటకు గోడ దూకనక్కరలేదు. మనిషిని ‘విచారణకు పిలిచితిమి’ అని కూర్చుండబెట్టి, అరెస్టు వేళ మరునాటిదిగా వ్రాసిన చాలును. స్త్రీలను, పదునైదేండ్లలోపు బాలురను, అరువదేండ్లు దాటిన వృద్ధులను సాక్ష్యము నిమిత్తము ఠాణాకు రప్పింపరాదు. వారి యింటికే పోవలెను. ఫిర్యాదు విషయమున ‘మా హద్దు కాదు’ అను మాటయు నేడు చెల్లదు. నడికుడిలో రైలెక్కి కృష్ణ దాటిన రాష్ట్రమే మారును. సొమ్ము పోయిన ప్రయాణికుడు ఏ ఠాణాలో చెప్పినను వ్రాసికొని తీరవలెను. క్రొత్త సంహితలో మేము మెచ్చుకొనునది ఇది.

మెచ్చనిది 187వ సెక్షను. పూర్వము పోలీసు కస్టడీ రిమాండు మొదలైన తొలి పదునైదు దినములలోనే ముగియవలెనని 1992లో సుప్రీంకోర్టు నిర్ణయించియుండెను. ఇప్పుడా పదునైదు దినములను ముక్కలుచేసి, కేసునుబట్టి తొలి నలువది లేక అరువది దినములలో ఎప్పుడైనను అడుగవచ్చును. జైలుకు పోయితిని, దెబ్బల భయము తీరెనని ఊపిరి పీల్చుకొన్నవానిని మరల ఠాణాకు తెచ్చుటకు ఇది త్రోవ. 1855 నివేదిక వెలువడిన గడ్డపై ఇట్టి సడలింపు తగదు. శాసనసభ్యులు దీనిని సవరింపజేయవలెను.

కానిస్టేబులు పక్షమునను ఒక మాట కలదు. బందోబస్తులతో పండుగ లేదు, సెలవు లేదు. బదిలీ కత్తి తలపై వ్రేలాడుచుండును. అధికారులకు కనీసము రెండేండ్ల స్థిరత్వము, నేరవిచారణకు వేరు సిబ్బంది, ఫిర్యాదులకు స్వతంత్ర సంస్థ ఉండవలెనని ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ప్రభుత్వములు తాత్సారము చేసినవి. చేయక యేమి? ప్రతిపక్షమున నున్నంతకాలము పోలీసు జులుమని గొంతు చించుకొను నాయకుడే, గెలిచిన మరునాడు తనకు నచ్చిన ఎస్సైని వేయించుకొనుటకు ఉత్తరము పట్టుకొని తిరుగును.

ఆ నాయకుని మార్చుటకు ఎన్నికలదాక ఆగవలెను. మెమో మాట అట్లు కాదు. రేపు ఠాణానుండి సాక్షికై కబురు వచ్చినపుడు పెద్దమనుష్యుడు తప్పించుకొనక పోవలెను. మనిషిని ఎప్పుడు పట్టుకొనిరో వానినే అడుగవలెను. కాగితములోని వేళతో సరిచూడవలెను. తాను చూచినది వేరైనచో, చేవ్రాలు ప్రక్కనే తాను చూచిన తేదీని, గంటను తన చేతితో వ్రాసి రావలెను.