పొగరు ఎవరిది, ఠీవి ఎవరిది?

గర్వం వేరు, ఆత్మగౌరవం వేరు. హనుమకొండలో ఏ కాలేజీ ఫంక్షన్‌కు పోయినా, ఏ వ్యక్తిత్వ వికాస తరగతిలో కూర్చున్నా ఈ మాట వినకుండా బయటపడలేం. గర్వానికి పోలిక కావాలట, ఆత్మగౌరవానికి అక్కర్లేదట. గర్వం ఎదుటివాణ్ణి చిన్నచూపు చూస్తుందట, ఆత్మగౌరవం తన పాటికి తాను నిలబడుతుందట. అందుకని మొదటిది వదిలేసి రెండోది పెంచుకోవాలట. పిల్లలు చప్పట్లు కొడతారు, వక్తకు శాలువా కప్పుతారు. వినడానికి ఎంతో నున్నగా ఉండే ఈ వాదం తప్పని నా అభిప్రాయం. పైగా ఈ తప్పు వల్ల ఎప్పుడూ ఒక పక్కవాళ్లకే లాభం.

ఆ తేడా మనిషి మనసులో ఉండదు. ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడు, అతని నడకకు పేరు పెట్టేవాడు ఎక్కడ కూర్చున్నాడు, అక్కడుంది.

మనం రోజూ వాడే మాటలే చూడండి. పెద్దింటాయన తలెత్తుకుని నడిస్తే ఠీవి, దర్జా, రాజసం. అదే నడక కూలాయన నడిస్తే పొగరు, బలుపు, కొవ్వు, తలబిరుసు. ఆడమనిషైతే టెక్కు. సామెతలు ఇంకా నిర్మొహమాటంగా ఉంటాయి. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని నవ్వుకుంటాం. గొడుగు ఒకప్పుడు అధికారానికి గుర్తు. రాజు మీద వెల్లగొడుగు వానకోసం పట్టలేదు, ఎండకోసమూ పట్టలేదు. దాన్ని చూసి ఎవరూ సామెత కట్టలేదు. మింగ మెతుకు లేనివాడు మీసాలకు సంపెంగ నూనె రాసుకుంటే మాత్రం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. రెండు సామెతల్లోనూ నవ్వేది ఎవరో, నవ్వులపాలయ్యేది ఎవరో విడమరిచి చెప్పాలా?

పాలకుర్తికి పోదాం. చిట్యాల ఐలమ్మ చాకలి కులంలో పుట్టిన మనిషి. భూమి కౌలుకు తీసుకుని సాగు చేసింది. విసునూరు దేశ్‌ముఖ్ ఆ పంట మీద కన్నేశాడు. గడీ ముందు నుంచి పోతే చెప్పులు చేతబట్టుకోవాల్సిన రోజులు, ‘నీ బాంచన్ దొరా’ అనకుండా నోట మాట రాని రోజులు అవి. అటువంటి కాలంలో ఆమె ఆంధ్ర మహాసభ సంఘాన్ని వెంటబెట్టుకుని పంట కోయించి ఇంటికి తెచ్చుకుంది. ఆ పనికి గడీలో ఏం పేరు పెట్టుకుని ఉంటారో ఊహించడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. ఇప్పుడు ఆమెను వీరనారి అంటున్నాం. 2024లో కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరే పెట్టారు. ఐలమ్మ గుండెలో ఉన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మారింది పేరు పెట్టేవాళ్లు.

పోలిక లేని ఆత్మగౌరవం అన్న మాట కూడా ఇక్కడే కూలిపోతుంది. ఐలమ్మ పోల్చుకోలేదా? పోల్చుకునే లేచింది. దొర గింజ దొరదైనప్పుడు నా గింజ నాదెందుకు కాదన్న ప్రశ్న పోలికే కదా. కిందున్నవాళ్లను పోల్చుకోవద్దని చెప్పడమంటే అడగవద్దని చెప్పడమే. ఆ సలహా పైన ఉన్నవాళ్లకు ఖర్చులేని సలహా.

ఆత్మగౌరవం అనే మాట మన రాజకీయాల్లో తిరిగిన దారి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానం తెలిసిందే. మార్చి 29న ఎన్.టి. రామారావు పార్టీ పెట్టి తెలుగువారి ఆత్మగౌరవాన్ని నినాదం చేశారు. ఢిల్లీకి అది ప్రాంతీయవాదంగా కనపడింది, మనకు పౌరుషంగా కనపడింది. అదే మాటను తెలంగాణ హైదరాబాద్ పాలకుల ముందు పలికినప్పుడో? వేర్పాటువాదం అన్నారు. ఢిల్లీ ముందు ఆత్మగౌరవం పలికిన నోళ్లలో చాలావాటికి వరంగల్ ఆత్మగౌరవం వినపడలేదు. స్థానికుల ఉద్యోగాలు స్థానికులకేనంటూ 1952లో ముల్కీ ఉద్యమం మొదట రాజుకున్నది ఈ ఊళ్లోనే. అప్పటినుంచీ మా పిల్లలు ఉద్యోగం అడిగితే సంకుచితత్వం. తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్త ప్రొఫెసర్ జయశంకర్ జీవితమంతా తిప్పికొట్టింది ఈ పేర్లనే.

సరే, 2014లో రాష్ట్రం వచ్చింది. కిందున్నవాళ్లలో కొందరు పైకెక్కారు. మరి ఆ మాట ఏమైంది?

వెనకబడిన కులాలకు హైదరాబాద్‌లో ఆత్మగౌరవ భవనాలకని స్థలాలు కేటాయించారు. నాకు భవనాల మీద పేచీ లేదు, పేదింటి పిల్లకు హాస్టల్ గది దొరికితే సంతోషమే. కానీ ఒకప్పుడు గడీ ముందు తల దించనన్న మాట ఇప్పుడు సర్కారు మంజూరు చేసే చదరపు గజాల్లోకి వచ్చింది. ఇచ్చేవాడి చేతికి వచ్చాక ఆ మాటకు పదును ఎక్కడ మిగులుతుంది?

తోరణం సంగతి ఇంకా ముచ్చటైనది. రాష్ట్ర అధికార చిహ్నంలో చార్మినార్‌తో పాటు వరంగల్ కోటలోని కాకతీయ కళాతోరణం పెట్టుకున్నాం. 2024లో కొత్త ప్రభుత్వం రాచరికపు గుర్తులు వద్దు, చిహ్నం మారుస్తాం అంది. ఇది తెలంగాణకు అవమానమని ప్రతిపక్షం నిరసనకు దిగింది. మార్పు వాయిదా పడింది. ఆ వేడిలో ఓరుగల్లు గర్వం, ఓరుగల్లు ఆత్మగౌరవం అన్న రెండు మాటలూ ఒకే వాక్యంలో, ఒకదానికి బదులు ఒకటిగా దొర్లాయి. తరగతి గదిలో అంత జాగ్రత్తగా విడదీసిన మాటలు వీధిలోకి వచ్చేసరికి కవలలైపోయాయి. (కాకతీయులు తమ కులానికి చెందినవాళ్లేనని ఇవాళ కనీసం నాలుగైదు కులాలు చెప్పుకుంటాయి. వర్ణం ప్రస్తావన ఉన్న వాళ్ల శాసనాల్లో ఎక్కువ భాగం మాత్రం నాలుగో వర్ణంవాళ్లమని ఏ మొహమాటం లేకుండా రాసుకున్నాయి.)

తోరణాన్ని అందరూ ఒకేలా చూడాలనేవాళ్లు ఒకసారి మేడారం కథ గుర్తుచేసుకోవాలి. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయలమీదికి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చిందని, సమ్మక్క, సారలమ్మ, జంపన్న పోరాడారని ఆ కథ. రెండేళ్లకోసారి లక్షల జనం పోయి నిలువెత్తు బంగారమని బెల్లం తూచి మొక్కు చెల్లించేది ఆ కాకతీయ సైన్యాన్ని ఎదిరించినవాళ్లకే. యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన కాకతీయుల రామప్ప గుడి, మేడారం గద్దెలు ఇవాళ ఒకే ములుగు జిల్లాలో ఉన్నాయి. కోట లోపల నిలబడి చూస్తే తోరణం రాజసం. కప్పం కట్టలేనివాడి గుడిసె నుంచి చూస్తే? కప్పం వసూలుకు వచ్చిన అధికారి కోయల మాటను తప్పకుండా పొగరనే అని ఉంటాడు. నేను తోరణం తీసేయాలనడం లేదు. దాన్ని చూసి గర్వించడాన్ని ఆత్మగౌరవం అనకండి అంటున్నాను. ఆ రాళ్లు చెక్కడంలో మన చెమట బొట్టు లేదు, వాటిని నిలబెట్టుకోవడానికి మనం ఎవరికీ ఎదురు తిరగలేదు.

అయితే గర్వాలన్నీ ఒకటేనా, ఏదీ తప్పు కాదా అని అడుగుతారు. కాదు. కులగర్వం ఉంది. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య కళ్లముందే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. అమ్మాయి తండ్రే చేయించాడని కేసు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇలాంటివాటికి మన శీర్షికల్లో పేరేమిటి? పరువు హత్య. అంటే చంపినవాడు తన పనికి పెట్టుకున్న పేరే మనమూ పెట్టాం. దళిత, ప్రజా సంఘాలు కుల దురహంకార హత్య అని ఎన్నోసార్లు చెప్పాయి. అయినా శీర్షికల్లో పరువే ఎక్కువ. పొగరు హత్య అని రాయడానికి మన చేయి రాదు, ఎందుకంటే పొగరు అనేది కిందివాళ్లకు కేటాయించిన మాట. ఆ పెద్దమనిషి గుండెలోకి తొంగిచూస్తే అతనికీ అది ఆత్మగౌరవంలాగే ఉండి ఉంటుంది. అందుకే గుండెలోకి చూసి లాభం లేదంటున్నాను. ఆ గౌరవం నిలవడానికి ప్రాణం ఇచ్చుకుంది ఎవరు, పంట పోగొట్టుకుంది ఎవరు, కూలి తెగ్గోయించుకుంది ఎవరు అని చూడాలి.

ఇది పాత కథ కాదు, పొద్దున్నే ఎనుమాముల మార్కెట్‌కు పోయినా కనపడుతుంది. వరంగల్ చపాట మిర్చికి 2025లో జీఐ గుర్తింపు వచ్చిందని అందరం గర్వపడ్డాం. ఆ యార్డులోనే జెండా పాటలో, అంటే రోజు తొలి వేలంలో, ఒక ధర పలుకుతుంది, తరవాతి రాశుల దగ్గర తేమ ఉందని, తాలు ఉందని, రంగు తగ్గిందని ధర దిగుతుంది. ఏ రైతయినా ఈ ధరకు ఇవ్వనని బస్తాల మూతి కుట్టేసి కోల్డ్ స్టోరేజీకి తోలుకుపోతే, వీనికి పొగరెక్కింది అని చుట్టూ ఉన్నవాళ్లు అనేస్తారు. ఆ మాట మీ నోట వచ్చే ముందు ఒక్క సంగతి గుర్తుచేసుకోండి. అంతకు ముందే ఖరీదుదారు కూడా ఈ ధరకు కొననన్నాడు. దాన్ని మనం వ్యాపారం అన్నాం.