ఆటిజం తరఫున మాట్లాడేది ఎవరు?



ఏప్రిల్ 2 ప్రపంచ ఆటిజం అవగాహన దినం. ఆ రోజుకు నీలం రంగును ప్రచారంలోకి తెచ్చింది అమెరికాలోని ‘ఆటిజం స్పీక్స్’. ఆటిజం ఉన్న ఒక బాబు అమ్మమ్మ, తాతయ్య 2005లో దాన్ని స్థాపించారు. ఆటిజం ఉన్నవారికి దాని పాలకమండలిలో తొలిసారి చోటు దక్కింది మాత్రం 2015లోనే.

అక్కడే 1965 నాటి ‘ఆటిజం సొసైటీ’ ఉంది. అది తల్లిదండ్రుల చొరవతో పుట్టింది. ‘ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వొకసీ నెట్‌వర్క్’ను 2006లో ఆటిజం ఉన్నవారే పెట్టుకుని, వారే నడుపుతున్నారు. పేర్లు వింటే మూడూ ఒకటే అనిపిస్తాయి. అవి వినిపించే గొంతులు వేరు.

కన్నవారి ప్రేమను శంకించడం లేదు. బిడ్డ ఆకలి అమ్మకు తెలుస్తుంది. కానీ స్పీకర్ల హోరు చెవిలో ఎలా గుచ్చుకుంటుందో ఆ బిడ్డే చెప్పాలి. మాటలు రాని పిల్లలు కూడా బొమ్మల కార్డులతోనో, ట్యాబ్‌తోనో చెప్పగలరు.

అందుకే ఏ సంస్థకైనా విరాళం ఇచ్చే ముందు పూర్తి పేరు సరిచూడండి. దాని పాలకమండలిలో ఆటిజం ఉన్నవారు ఎందరో, డబ్బు దేనికి ఖర్చవుతోందో అడగండి. మీ పిల్లల తరగతిలో ఆటిజం ఉన్న నేస్తం ఉంటే, తనకు ఏం కావాలో ముందు తననే అడగమని మీ పిల్లలకు చెప్పండి.