పెంచడం సులువు, తగ్గించడమే నేర్పు

మీరు వినే పాటలో గాయకుని గొంతు, గిటారు, డ్రమ్ములు అన్నీ ఒకేసారి వినిపిస్తాయి. స్టూడియోలో మాత్రం వీటిని సాధారణంగా వేర్వేరు ట్రాకులపై రికార్డు చేస్తారు. తర్వాత ఏ ధ్వని ఎంత వినబడాలో నిర్ణయించి కలుపుతారు. దీన్నే మిక్సింగ్ అంటారు.

గొంతు స్పష్టంగా వినబడలేదనుకోండి. ఏం చేస్తారు? "గొంతు పెంచుదాం" అంటారు మీలో చాలామంది. నేను ఒప్పుకోను. ముందు దానికి అడ్డు వచ్చేదేదో వెతకాలి.

మన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు పౌనఃపున్యాలను వినగలదు. రెండు ధ్వనుల పౌనఃపున్యాలు దగ్గరగా ఉంటే, బలమైనది బలహీనమైనదాన్ని కప్పేస్తుంది. 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య మన చెవి బాగా చురుకు. హల్లులు తేటగా వినబడటానికి ఈ ప్రాంతం ముఖ్యం. గిటారు కూడా అక్కడే గట్టిగా మోగితే మాటలు మరుగున పడతాయి. నేర్పరి అయిన ఇంజనీరు ఈక్వలైజర్ అనే సాధనంతో గిటారులో ఆ భాగాన్ని 3 డెసిబెల్లు తగ్గిస్తాడు. అంటే అక్కడ దాని శక్తి సగమవుతుంది. గొంతును ముట్టుకోకుండానే మాటలు తేటపడతాయి!

అన్నిటినీ పెంచుకుంటూ పోతే ఏమవుతుంది? పరికరానికొక హద్దు ఉంది. అది దాటితే తరంగాల శిఖరాలు తెగిపోయి ధ్వని గరగరలాడుతుంది. 2008లో అమెరికాకు చెందిన మెటాలికా బృందం 'డెత్ మాగ్నెటిక్' అనే ఆల్బమ్ విడుదల చేసింది. అవే పాటలు ఒక వీడియో ఆటలోనూ వచ్చాయి. ఆటలోని పాటలను అంతగా బిగ్గరగా చేయలేదు. చాలామంది శ్రోతలకు అవే బాగున్నాయి. ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేయాలని వేలమంది సంతకాలు చేశారు.

మరి పెంచాలనే ఆశ ఎందుకు? ఒకే పాటను రెండుసార్లు వినిపిస్తే, కాస్త బిగ్గరగా ఉన్నదే మెరుగని మన చెవి భ్రమపడుతుంది. నేడు ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే అనేక సంస్థలు బిగ్గరతనాన్ని సమం చేస్తున్నాయి. అక్కడ ఈ ఎత్తు పారదు.

ప్రయోగంలో ఒక్క అంశమే మారాలని మీరు చదువుకున్నారు కదా! రెండు పాటలను పోల్చేటప్పుడూ అంతే. ముందు వాల్యూమ్ సమంగా పెట్టండి, తర్వాతే తీర్పు చెప్పండి. మాట వినబడలేదని వాల్యూమ్ పెంచబోయే ముందు, ఏ వాద్యం దాన్ని కప్పుతోందో చెవి పెట్టి గమనించండి. మీ చెవులకూ అదే క్షేమం.