పొత్తు నేర్పని యంత్రము

నరసరావుపేట, మాచర్ల, గురజాల పట్టణములలో బడి విడుచువేళ ఎవరైనను చూడవచ్చును. పండ్రెండు పదునాలుగేండ్ల బాలురు నలుగురు ఒక్క అరుగుపై కూర్చుందురు. నాలుగు తలలును నాలుగు ఫోనులపై వంగియుండును. వారు కలసిమెలసి యున్నారని కొందఱు సంతసించుచున్నారు. ఒక్కచోట కూర్చుండుట వేఱు, కూడియుండుట వేఱు అని మేము చెప్పుచున్నాము.

ఇది మా ఊహ కాదు. గ్రామీణ భారతమున 14 మొదలు 16 ఏండ్లవారిలో నూటికి 82 మందికి స్మార్టుఫోను వాడుట వచ్చునని 2024వ సంవత్సరపు అసర్ నివేదిక తెల్పినది. అట్టివారిలో ముందటి వారమున చదువుకొఱకు దానిని వాడినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమములకై వాడినవారు 76 మంది. చదువు పేర ఇల్లు చొచ్చిన వస్తువు ఏ పనికి ఎక్కువగా అక్కఱకు వచ్చుచున్నదో ఈ లెక్కయే చెప్పుచున్నది.

పిల్లలకు పొత్తును నేర్పునది కొఱత. ఒక్క పుస్తకమును ఇద్దఱు చదువవలసి వచ్చినప్పుడు ఒకడు పుట త్రిప్పుటకు రెండవవానికై ఆగును. కబడ్డీలో ఔటై వెలుపల కూర్చున్నవాడు తోడివాడు పాయింటు తెచ్చిననేగాని లోనికి రాలేడు. ఉదయము కొట్టుకొన్నవారు సాయంకాలమున జట్టుకు ఏడుగురు కావలెను గనుక మాటలాడుకొందురు. వాట్సాప్ గుంపులో ఇట్టి నిర్బంధమేది? నచ్చనివానిని ఒక్క మీట నొక్కి వెళ్లగొట్టవచ్చును. రాజీపడవలసిన అవసరమే లేదు.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా ట్యాబులు పంచెను. ఏ బిడ్డ ట్యాబు ఆ బిడ్డకే. ధనికుని బిడ్డకున్న సాధనము పేదబిడ్డకు లభించుటను మేము కాదనము. కాని నలుగురికొకటి బల్లపై నుంచినచో పాఠముతోపాటు వంతును, ఓర్పును, ఒప్పుదలయు అబ్బియుండెడివి కావా?

2020లో బడులు మూతపడినప్పుడు ఫోనే గదా గురువైనది, ఏరు దాటి తెప్ప తగులవేయుదురా యని ప్రతిపక్షులు అడుగుదురు. తెప్పను తగులవేయు డనుట లేదు. ఏరు దాటినపిదప నెత్తిన మోయవలదని మాత్రమే మా మాట.

పలనాటికి ఈ విషయము మఱింత ముఖ్యము. 2024 మే 13న పోలింగునాడును తరువాతను ఈ సీమలో చెలరేగిన కొట్లాటలను పాఠకులు మఱవలేదు. పెద్దల కక్షలు నేడు వీడియోల రూపమున పిల్లల చేతికే వచ్చుచున్నవి. రాత్రి వానిని చూచిన బాలుడు ఉదయమున ఎదుటి పక్షపువాని కొడుకు ప్రక్కన ఏ మనస్సుతో కూర్చుండును?

నెపమంతయు పిల్లలపై మోపుట అన్యాయము. అన్నము తినునప్పుడైనను ఫోను విడువని తండ్రికి కొడుకును మందలించు అధికార మెక్కడిది? రాత్రివేళ పెద్దల ఫోనులును పిల్లల ఫోనులును ఒక్క గూటిలో నుండవలెను. బడిలోనికి ఫోను రాకూడదు. ట్యాబున్నచో నలుగురికొకటి యుండవలెను. ఆటల గంటను లెక్కల పాఠమునకు అపహరింపరాదు. పఠనాలయములు సాయంకాలమున గంటసేపు పిల్లలకు విడువవలెను.

బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని పలనాటి కథ చెప్పును. కోడిపోరు వెంట వచ్చిన సర్వనాశనమునుగూడ ఆ కథయే చెప్పును. ఫోను మన బిడ్డలను పందెపు బరి చుట్టు నిలుపుచున్నది. చాప పఱచు పని బడిది, మనది. దానిని మఱియొక తరమునకు వాయిదా వేయరాదు.