కాపరి ఉత్తరం: కళ్యాణపులోవ గట్టు మీద పరుగు



ఈ నెల పరుగును గురించి వ్రాస్తున్నాను. పాస్టరుకు పరుగుతో పనేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అలా అనుకోబట్టే మా సంఘంలోని ఒక యౌవనస్థుని విషయంలో తప్పు చేశాను.

మా బుచ్చయ్యపేట ప్రాంతం తెలియని వారికి రెండు మాటలు చెప్పాలి. ఇది పూర్వం విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లా. చోడవరం నుండి నర్సీపట్నం వైపు పోయే రోడ్డును మా వాళ్లు బి.ఎన్. రోడ్డు అంటారు. అంటే భీమునిపట్నం-నర్సీపట్నం రోడ్డు. దాని గోతుల సంగతి మొదలుపెడితే ఈ పేజీ చాలదు. ఇటు చూస్తే వరి మళ్లు, చెరకు తోటలు. అటు చూస్తే తూర్పు కనుమల కొండలు. ఆ కొండల మొదట్లో జలాశయాలున్నాయి. దేవరాపల్లి దగ్గర శారదా నది మీద రైవాడ, చీడికాడ మండలంలో బొడ్డేరు మీద కోనాం, మాడుగుల దగ్గర పెద్దేరు, రావికమతం మండలంలో కళ్యాణపులోవ. రైవాడ నీళ్లు విశాఖపట్నం నగరం కూడా త్రాగుతుంది. లోవ అంటే కొండల నడుమనున్న పల్లం. పేరులోనే ఆ చోటు ఎలా ఉంటుందో ఉంది.

తెల్లవారుజామున మా ఊళ్ల మీదుగా ప్రయాణం చేసినవారు చీకట్లో పరుగెత్తే పిల్లలను చూచే ఉంటారు. వారికి అది సరదా కాదు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాలలోపు పరుగెత్తాలి. ఆడపిల్లలకు 10 నిమిషాల 30 సెకండ్లు. మిలిటరీ ర్యాలీలో అదే దూరం 5 నిమిషాల 30 సెకండ్లలో ముగించినవారికే పూర్తి మార్కులు. రెండెకరాల పొలం కూడా లేని ఇంట్లో ఆ కొద్ది నిమిషాల మీదనే అక్క పెండ్లి, అమ్మ మందులు, ఇంటి మీద రేకులు అన్నీ ఆధారపడి ఉంటాయి.

2022 నవంబరులో మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబులు పోస్టులకు ప్రకటన వచ్చింది. 2023 జనవరి 22న ప్రాథమిక పరీక్ష జరిగింది. మా సంఘం నుండి నలుగురు అందులో నెగ్గారు. వారిలో ఒకతను తండ్రిలేని బిడ్డ. తల్లి చెరకు పనికి, కలుపు పనికి వెళుతుంది. అతడు ట్రాక్టరు మీద పని చేస్తాడు. బెల్లం వండే కాలంలో అతనికి రాత్రీ పగలూ ఒకటే. ఆదివారం ఒక్కటే తీరిక. ఆ రోజు నాలుగు గంటలకే లేచి, నలుగురూ రెండు మోటారు సైకిళ్ల మీద కళ్యాణపులోవ వెళ్లి, ఎండ ముదిరేవరకు పరుగెత్తి వచ్చేవారు. మా ఆరాధన అప్పట్లో ఎనిమిది గంటలకు. దాని తరువాత నేను మరో ఊరిలో పదకొండు గంటలకు ఆరాధన చేయాలి. పిల్లలు ఎనిమిదికి అందుకునేవారు కాదు.

మూడు ఆదివారాలు చూశాను. నాలుగవ వారం ప్రసంగంలో ఎరిక్ లిడెల్ సంగతి తీశాను. మన పత్రిక చదివేవారిలో చాలామందికి ఆయన తెలుసు. 1902లో చైనాలో, మిషనరీ కుటుంబంలో పుట్టిన స్కాట్లండు దేశస్థుడు. 1924 పారిస్ ఒలింపిక్సులో 100 మీటర్ల తొలి పోటీలు ఆదివారం వచ్చాయని ఆ పరుగు వదులుకున్నాడు. తరువాత 400 మీటర్లు 47.6 సెకండ్లలో పరుగెత్తి బంగారు పతకం పొందాడు. ఇదంతా చెప్పి, "ఒలింపిక్సునే విడిచిన మనిషి అతడు, మనకు ఒక కానిస్టేబులు పోస్టు కోసం దేవుని దినము అడ్డు వచ్చిందా?" అన్నాను. పెద్దలు తలలూపారు. వెనుక వరుసలో ఉన్న ఆ అబ్బాయి తల దించుకున్నాడు. బాగా చెప్పానని ఆ రోజు నాకు సంతోషం కూడా కలిగింది.

ఆ తరువాత మిగిలిన ముగ్గురూ అప్పుడప్పుడు వచ్చారు. అతడు మాత్రం ఆదివారమే కాదు, బుధవారం కూడికకు కూడా రావడం మానేశాడు. రెండు నెలలు గడిచాక అతని తల్లి మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యగారూ, మావోడు దేవుణ్ణి ఒగ్గీనేదండి. పడుకునీముందు పార్దన సేసుకుంతన్నాడు. మీకు మొకం సూపించనేక రానేదండి. ఆదోరం తప్ప ఆడికి ఇంకేటుందండి?" అంది.

ఏమని జవాబు చెప్పను? వచ్చే ఆదివారం నేనే ఆ పిల్లలతో వెళతానని చెప్పి పంపాను.

అనుకున్న ప్రకారం చీకటితోనే బయలుదేరాం. గట్టు చేరేసరికి నీటి మీద తెల్లగా మంచు. పిల్లలు ముందుగా టార్చిలైటు వేసి దారి చూసుకున్నారు. రాళ్ల సందులలో రక్తపింజర ఉంటుందని భయం. గట్టు మీద సమంగా ఉన్న చోట సున్నంతో రెండు గుర్తులు పెట్టుకున్నారు, అది వారి మైలు పరుగుకు. గట్టు దాటాక జీడిమామిడి తోటల గుండా బండి బాట కొండవాలుకు ఎక్కుతుంది, మళ్లీ గెడ్డ దగ్గరకు దిగుతుంది. వారి అసలు పరుగు అక్కడే.

"మైదానం మీద పరుగు పరీక్షకు కొండెందుకురా?" అని అడిగాను. ఆ అబ్బాయి నా వైపు చూడకుండానే చెప్పాడు. ఎక్కుడులో ఊపిరితిత్తులకూ తొడలకూ పడే పని, చదును నేల మీద అదే వేగంతో పరుగెత్తితే పడదట. నెలకొకసారి గట్టు మీద మైలు పరుగెత్తి చూసుకుంటే కొండ చేసిన మేలు గడియారంలో కనబడుతుందట. ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవిగా వేయాలి, నడుము వంచకుండా ఒళ్లంతా కాస్త ముందుకు వాలాలి, చూపు పది అడుగుల దూరంలో ఉండాలి. దిగడం సులువనుకుంటాం గాని దెబ్బ తగిలేది అక్కడే. పెద్ద అంగలు వేసి మడమతో తొక్కితే ఒంటి బరువంతా మోకాలి మీద పడుతుంది. తొందరపడి దిగి ఒకడు నెల రోజులు మంచాన పడ్డాడు. ప్రతిరోజూ కొండ ఎక్కితే కాళ్లు పాడవుతాయి కాబట్టి వారానికి ఒక్కసారే. తక్కిన రోజులలో వీలున్నప్పుడు ఊరిలోనే మెల్లగా పరుగెడతారు. బి.ఎన్. రోడ్డు మీద ఎందుకు పరుగెత్తరని అడగలేదు. చెరకు లోడు ట్రాక్టర్లు చీకట్లో ఎలా వస్తాయో నాకు తెలుసు.

వారి వెంట నేనూ బాట మీద పరుగు మొదలుపెట్టాను. మొదటి మలుపు దాటలేదు. జీడిమామిడి చెట్టు క్రింద కూలబడి, వారు కొండ చుట్టి వచ్చేవరకు ఆయాసపడుతూ కూర్చున్నాను. అప్పుడు అహిమయస్సు గుర్తుకు వచ్చాడు. రెండవ సమూయేలు 18వ అధ్యాయం చూడండి. అబ్షాలోము చనిపోయినప్పుడు యోవాబు ఆ వార్తతో ఒక కూషీయుని దావీదు వద్దకు పంపాడు. అహిమయస్సు నేనూ వెళతానని పట్టుబట్టి వెనుకగా బయలుదేరి, మైదానపు దారిన వెళ్లి, ముందు పోయినవానిని దాటేశాడు. మంచి పరుగే. తీరా రాజు ఎదుట నిలిచాక, అబ్షాలోము క్షేమమా అని అడిగితే సంగతి చెప్పలేకపోయాడు. సెమినరీలో ఈ భాగం మీద నేను వ్యాసం వ్రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. అది నా గురించే అని చెట్టు క్రింద కూర్చున్నాకనే తెలిసింది.

ఎందుకంటే లిడెల్ కథలో నేను సగమే చెప్పాను. ఆ ఆదివారం సంగతి ఆయనకు నెలల ముందే తెలుసు. అందుకే 400 మీటర్లకు సిద్ధపడే సమయం దొరికింది. 1981లో వచ్చిన సినిమాలో ఓడ ఎక్కేటప్పుడు తెలిసినట్లు చూపారు గాని, జరిగింది అది కాదు. ఆ నిర్ణయం ఆయన తనకు తానుగా తీసుకున్నాడు. ఏ కాపరీ ప్రసంగ పీఠం మీదనుండి ఆయనను వ్రేలెత్తి చూపలేదు. ఆయనకు చదువున్నది, ముందు పని ఉన్నది, ఆ పరుగు విడిస్తే ఇంట్లో పొయ్యి ఆరిపోదు.

అంతకంటే ముఖ్యమైనది చివరి భాగం. ఆయన మిషనరీగా చైనా వెళ్లాడు. యుద్ధకాలంలో జపాను వారు ఆయనను వైషీన్ అనే చోట నిర్బంధ శిబిరంలో ఉంచారు. అక్కడ పిల్లలకు పాఠాలు చెప్పాడు, ఆటలు ఆడించాడు. ఆదివారం మాత్రం ఆటలు వద్దనేవాడు. ఒక ఆదివారం పిల్లలు తమంతట తాము హాకీ మొదలుపెట్టి కొట్లాటకు దిగారు. ఒలింపిక్సులో ఆదివారం పరుగెత్తనన్న ఆ మనిషి తరువాతి ఆదివారం మైదానంలోకి వెళ్లి రిఫరీగా నిలబడ్డాడు. 1945 ఫిబ్రవరి 21న అదే శిబిరంలో, మెదడులో కంతితో, 43 ఏళ్లకు కన్నుమూశాడు. ఇది నేను చదవని సంగతి కాదు. ప్రసంగానికి పనికిరాదని విడిచిపెట్టిన సంగతి.

పిల్లలు తిరిగి వచ్చాక ఆ అబ్బాయిని క్షమించమని అడిగాను. "అలాగనకండి అయ్యగారూ" అన్నాడు, అంతే. నలుగురం గట్టు మీద నిలబడి చిన్న ప్రార్థన చేసుకున్నాం. నలుగురం అన్నాను, నిజానికి ఐదుగురం. నన్ను లెక్కపెట్టుకోవడం మరిచాను. నేను ముందుగా బయలుదేరి ఎనిమిదికి అందుకున్నాను.

ఆ వారమే కమిటీలో ఒక మాట పెట్టాను. రెండు ఊళ్ల ఆరాధన వేళలు తారుమారు చేద్దాం, అక్కడ ఎనిమిది, ఇక్కడ పదకొండు. పక్క ఊరివారు వెంటనే ఒప్పుకున్నారు, వారికి పొలం పనికి అదే అనుకూలం. మా ఊరిలోనే కష్టమైంది. ఒక పెద్దాయన, నలభై ఏళ్లుగా సంఘాన్ని మోస్తున్నవారు, "ఈవేళ పరుగుకు సమయం మార్చాం, రేపు క్రికెట్టుకు మారుస్తామా?" అన్నారు. ఆ మాటను నేను తీసివేయలేను. ఆయన భయం అబద్ధం కాదు. విశ్రాంతి దినాన్ని కొంచెం కొంచెంగా పోగొట్టుకున్న కుటుంబాలు నా కళ్ల ముందే ఉన్నాయి. టీవీ ముందు కూర్చోవడానికి ఆరాధన మానేవారికి నేను సమయం మార్చను. ఆరు రోజులు ఇతరుల పని చేసి ఏడవ రోజున మాత్రమే తన కోసం పరుగెత్తగలిగే పిల్లవాని సంగతి వేరు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అయినా అడ్డు చెప్పలేదు.

పిల్లలు పదకొండుకు వచ్చేవారు. ప్రసంగం సగంలో నిద్రపోయేవారు కూడా. నా ప్రసంగంలో నిద్రపోవడానికి కొండ ఎక్కి రానక్కరలేదని మా ఇంట్లో అన్నారు.

దేహదారుఢ్య పరీక్షలు వాయిదాపడి, చివరకు 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. దాదాపు రెండేళ్లు! ఒక పరీక్షకు ఒంటిని రెండేళ్లు సిద్ధంగా ఉంచడం ఎంత కష్టమో ఆ గట్టు మీద చూశాను. ఒకడు మధ్యలోనే విశాఖపట్నంలో పనికి వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురూ మైలు పరుగు సులువుగా ముగించారు. 2025 జూన్ 1న తుది వ్రాత పరీక్ష, ఆగస్టు 1న ఫలితాలు. ముగ్గురిలో ఒకడికి ఉద్యోగం వచ్చింది. అది మన అబ్బాయికి కాదు. ఎనిమిది నిమిషాల పరుగులో రెండు నిమిషాలు మిగిల్చినవాడు వ్రాత పరీక్షలో వెనుకబడ్డాడు. ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం ఆరాధనకు వస్తాడో రాడోనని నేను వాకిలి వైపే చూస్తూ పాటలు పాడించాను. ఆలస్యంగా వచ్చాడు. బూట్లకు గట్టు మీది ఎర్రమట్టి ఉంది.

ఇప్పుడు అతని వెంట చిన్నపిల్లలు ఆరుగురు వెళుతున్నారు. దిగేటప్పుడు అంగలు చిన్నవిగా వేయమని వెనుకనుండి కేకలు వేస్తాడట. మళ్లీ ప్రకటన వస్తే వ్రాస్తానంటున్నాడు. ఈసారి చదువు కోసం వారానికి మూడు రాత్రులు మా మందిరంలో లైటు వేసి ఉంచుతున్నాం.

పోయిన వారం ఆ పెద్దాయన మా ఇంటికి వచ్చారు. ఇంటరు చదువుతున్న మనుమరాలు తానూ గట్టుకు వెళతానంటున్నదట. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాకులో 100 మీటర్ల హర్డిల్సులో ఆసియా ఛాంపియన్ అయిన సంగతి ఆ పిల్లే ఆయనకు చెప్పిందట. "చీకట్లో ఆడపిల్లలు, కొండ దారి. తోడు ఎవరు వెళతారు అయ్యగారూ?" అని అడిగారు. మా యింటావిడ వెళతానంటున్నది, కాని అంత తెల్లవారుజామున ఇద్దరమూ రెండు వైపులకు వెళ్లడం కష్టం. ఆటో మాట్లాడితే ఎంతవుతుంది, తల్లులు వంతుల వారీగా వెళ్లగలరా అన్నది ఈ నెల రెండవ ఆదివారం కమిటీలో పెడుతున్నాం. ఆ మాట కమిటీ ముందు పెట్టేది ఆ పెద్దాయనే.